భుజం మీదుగా చదివేవాళ్ళు

ట్యూనిస్,
అక్టోబరు.

ప్రియమైన పిన్నికి,

నువ్వు పంపిన ఎండు ఆక్టోపస్ చేరింది. హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి ఆ వాసనకి ముక్కు మూసుకుని కిటికీ తెరిచింది. బార్లీ కుస్‌కుస్‌లో వండి పెట్టాక తనే లేచి వెళ్ళి కిటికీ మూసింది, పక్కగది వాళ్ళు ఎక్కడ వచ్చేస్తారోనని.

చివరి సంవత్సరం మొదలైంది. సెలవుల్లో నువ్వు అడిగిన ప్రశ్న నా వెంటే పడవెక్కి వచ్చింది. "ఈ కమ్యూనికేషన్ చదువు పూర్తయ్యాక నీకేం వస్తుందే?" అన్నావు. అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను. ఇక్కడ మా విభాగం గోడ మీద జవాబు పెద్ద అక్షరాలతో రాసి ఉంది: 'ఇక్కడ చదివినవారు ఎవరినైనా ఒప్పించగలరు.' ఈసారి వచ్చినప్పుడు నీమీదే ప్రయోగించి చూస్తాను.

ఈ ఏడు మాకు ప్రొఫెసర్ తౌహామీ గారు గైడు. చాలా పేరున్న మనిషి. నాది కెర్కెన్నా ద్వీపం అని చెప్పగానే ఆయన ముఖం వెలిగింది. "ఇంకేం, నీ ప్రాజెక్టు నీ ఊరి మీదే చెయ్యి. మీవాళ్ళు ఎవరి మాట నమ్ముతారు, ఎలా చెబితే నమ్ముతారు, దేనికి భయపడతారు, అదంతా రాసుకురా" అన్నారు. నాకు తెలిసినదాని కన్నా నీకు తెలిసినది పదింతలు. ఫోనులో అడుగుదామంటే నీ చెవులు సహకరించవు. అందుకే ఉత్తరం. తీరికగా రాసి పంపు.

నీ
విదాద్


అల్-అతాయా, కెర్కెన్నా,
నవంబరు.

చి. విదాద్‌కు,

ఎవరినైనా ఒప్పించగలరా! చాలా బాగుంది. దేనికి ఒప్పిస్తారో కూడా ఆ గోడ మీదే రాశారా, లేక సున్నం అయిపోయిందా? ఒప్పించడానికి యూనివర్సిటీ దాకా ఎందుకు? మన సలీహా ఏ బడికీ వెళ్ళకుండానే, మొగుడు ఇటలీలో ఇంకో పెళ్ళి చేసుకోలేదని ఊరందరినీ ఒప్పించింది.

సరే, నువ్వు అడిగావు కాబట్టి రాస్తున్నాను. కొత్త మనిషి ఎవరైనా ముందు హమ్దా మామ దగ్గరికి వెళ్ళాలి. రేవు దగ్గర కాఫీ కొట్టులో ఆయన ఎదురుగా కాదు, పక్కన కూర్చోవాలి. ముందు గాలి సంగతి అడగాలి, పని సంగతి తర్వాత. ఆడవాళ్ళం పెళ్ళిబట్టలు కుట్టేటప్పుడు అన్నీ మాట్లాడుకుంటాం. నాకు చెవులు లేకపోయినా పెదాలు చూసి సగం, కళ్ళు చూసి సగం పట్టేస్తాను. మాకున్న భయాలు రెండే. కొడుకులు రాత్రికి రాత్రి పడవెక్కి ఇటలీ వైపు పోతారేమోనన్నది ఒకటి. నీళ్ళలో ఖర్జూరపు మట్టలతో మా తాతలు పాతిన చేపల దడులు పోతే మేం ఎవరమని చెప్పుకోవాలన్నది ఇంకొకటి. ఎవరైనా వెనకాడుతుంటే మీ అమ్మమ్మ ఏమనేదో గుర్తుందా? "కడలి వెనక్కి తగ్గినప్పుడే కాళ్ళు ముందుకు పడాలి." ఆ మాట మన ఇంట్లో తప్ప ఇంకెక్కడా వినలేదు నేను. మీ అమ్మ పోయాక నేను నిన్ను ఎత్తుకుని ఈ ఇంటికి తెచ్చిన రోజు మీ అమ్మమ్మ నాకూ అదే చెప్పింది.

ఇక ఒక మాట. ఇవన్నీ తెలుసుకుని మీ ప్రొఫెసరు ఏం చేస్తాడు? మన గాలి సంగతి ఆయనకెందుకు?

నీ
పిన్ని


ట్యూనిస్,
డిసెంబరు.

గౌరవనీయురాలైన పిన్నికి,

నీ ఉత్తరం అమూల్యమైనది. అందులోని సూక్ష్మ పరిశీలన మా అందరినీ ముగ్ధుల్ని చేసింది. ప్రొఫెసర్ గారు యూనివర్సిటీ బయట తాము నడిపే సొంత ఆఫీసులో నన్ను పనికి తీసుకున్నారు. క్లాసు మొత్తంలో ఇద్దరికే ఆ అవకాశం దక్కింది. నాతోపాటు మెహ్రెజ్ అనే అబ్బాయి ఉన్నాడు, బాగా మాట్లాడతాడు.

నీ మాటల్ని నేను నా భాషలో తిరగరాసి ఇస్తే ఆయన వెనక్కి ఇచ్చేశారు. "నీ వ్యాసం కాదమ్మా నాకు కావలసింది, మీ పిన్ని మాటలు ఉన్నవి ఉన్నట్టు కావాలి" అన్నారు. నీ ఉత్తరం జిరాక్సు తీసి ఇచ్చాను.

మరికొన్ని వివరాలు కావాలి. ఊళ్ళో ఆడవాళ్ళు ఎవరి మాటకు ఎక్కువ విలువ ఇస్తారు? ఉద్యోగాలు వస్తాయంటే దడుల విషయంలో కుటుంబాలు మెత్తబడే అవకాశం ఉందా? ఇది కేవలం చదువు కోసమే.

భవదీయురాలు
విదాద్


అల్-అతాయా,
జనవరి.

చి. విదాద్‌కు,

నీ ఉత్తరం ఇస్త్రీ పెట్టె కింద నుంచి వచ్చినట్టుంది. ఎక్కడా ఒక్క ముడత లేదు. 'గౌరవనీయురాలు' ఎవరే? ఆ మాట చదివి వెనక్కి తిరిగి చూశాను, నా వెనకాల ఎవరైనా నిలబడ్డారేమోనని. పోయిన ఉత్తరంలో నేనొక ప్రశ్న అడిగాను. దాన్ని నువ్వు గడప దాటినట్టు దాటేశావు.

ఇక్కడ ఒక వింత జరిగింది. పోయిన వారం పడవలో ఒక అబ్బాయీ, ఒక అమ్మాయీ దిగారు. కొత్త చెప్పులు, మంచి నవ్వులు. ద్వీపం మీద పరిశోధన అన్నారు. ఆ అబ్బాయి నేరుగా కాఫీ కొట్టుకు వెళ్ళి, హమ్దా మామ ఎదురుగా కాకుండా పక్కనే కూర్చుని, "ఇవాళ గాలి ఎటుంది మామా?" అన్నాడట. మామ పొంగిపోయి ఊరంతా చెప్పుకుంటున్నాడు: "నగరం పిల్లల్లో కూడా మర్యాద తెలిసినవాళ్ళు ఉన్నారర్రా!"

నేను కుట్టుపని చేసుకుంటూ కూర్చున్నాను.

నీ ప్రశ్నకు జవాబు రాస్తున్నాను, బాగా గుర్తుపెట్టుకో. ఊళ్ళో ఆడవాళ్ళకు సలీహా మాట అంటే మాటే. ఆవిడ సరే అంటే అందరూ సరే అన్నట్టే. ఆవిడకు వంకాయరంగు పట్టుబట్ట అంటే ప్రాణం.

పిన్ని


ట్యూనిస్,
ఫిబ్రవరి.

పిన్నీ,

సలీహా సంగతి రాసినందుకు చాలా థాంక్స్. ప్రొఫెసర్ గారు ఎంత సంతోషించారో. నీ ఉత్తరం మెహ్రెజే స్వయంగా తీసుకెళ్ళి చదువుకున్నాడు. అతను ఈమధ్య ఆఫీసులో కనబడటం లేదు, ఎక్కడికో పని మీద వెళ్ళాడన్నారు.

ఆఫీసులో ఒక గది ఉంది. ఇన్నాళ్ళూ తాళం వేసి ఉండేది. నిన్న కాఫీ ఇవ్వడానికి తలుపు తెరిస్తే గోడ నిండా మన ద్వీపం మ్యాపు. మన రేవు దగ్గర ఎర్ర గీత గీసి ఉంది. ప్రొఫెసర్ గారు నన్ను చూసి మెల్లగా తలుపు దగ్గరికి వేశారు. అదేమిటో నాకు తెలియదు. అడుగుదామనుకున్నాను. ఈలోగా ఆయన, "నీలాంటి విద్యార్థి పదేళ్ళకు ఒకరు దొరుకుతారు" అన్నారు.

నీ ఆరోగ్యం ఎలా ఉంది? దగ్గు తగ్గిందా?

విదాద్


అల్-అతాయా,
మార్చి.

విదాద్‌కూ, ఆమె భుజం మీదుగా ఈ ఉత్తరం చదువుతున్న పెద్దమనుషులకూ,

అందరికీ సలాములు. కూర్చోండి, నిలబడి చదివితే కళ్ళు నొప్పెడతాయి.

సలీహా మాటను ఈ ఊళ్ళో ఆవిడ మేక కూడా నమ్మదు. ఆ సంగతి విదాద్‌కు తెలిసి ఉండాలి. పట్నంలో పడి మరిచిపోయినట్టుంది. మొగుడి విషయంలో ఆవిడ ఊరిని ఒప్పించిందని నేను ఎగతాళిగా రాశాను, మీరు నిజమనుకున్నారు. వంకాయరంగు పట్టుబట్ట నేను కల్పించిన మాట. నా ఉత్తరం బయలుదేరిన కొన్నాళ్ళకు మీ కొత్త చెప్పుల పిల్లలు సలీహా ఇంటికి వెళ్ళారు. చంకలో పొట్లం. పొట్లంలో ఏముందో నేను రాయాలా? సలీహా ఆ బట్ట పట్టుకుని కుట్టించుకోవడానికి నా దగ్గరికే వచ్చింది! "నాకు ఈ రంగు నచ్చదని తెలుసు కదా, కానీ ఊరికే వచ్చింది మోంజియా, వదులుకుంటానా?" అంది. సూది నా వేలికి గుచ్చుకుంది.

అంటే నేను నా పిల్లకు రాసుకున్న ఉత్తరాలు పడవెక్కి తిరిగి వచ్చి మా ఊళ్ళో తలుపులు తడుతున్నాయన్నమాట.

నిన్న ఇంటింటికీ ఒక కరపత్రం పంచారు. 'మన బిడ్డలు సముద్రం పాలు కాకూడదంటే మన ఊళ్ళోనే పని ఉండాలి. కడలి వెనక్కి తగ్గినప్పుడే కాళ్ళు ముందుకు పడాలి. అభివృద్ధికి మద్దతుగా సంతకం చేయండి.' కింద పేరు లేదు. 'ద్వీపం బిడ్డలు' అని ఉంది. ఏ తల్లి బిడ్డలు? మా అమ్మ మాటను అచ్చు వేయించిన ఆ బిడ్డను నేనెప్పుడూ ఎత్తుకోలేదే.

హమ్దా మామ అది చదివించుకుని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. సంతకం చేస్తానంటున్నాడు. చదువుతూ చదువుతూ నాకూ కళ్ళు చెమర్చాయి. దానికే నాకు ఎక్కువ భయం వేసింది. వచ్చే నెల మొదటి శుక్రవారం బడిలో సభ పెట్టారు. అక్కడే సంతకాలట.

విదాద్, తడిగుడ్డతో గొంతు కోయడం కూడా ఆ యూనివర్సిటీలోనే నేర్పారా? నీకు తెలిసి జరిగిందా, తెలియక జరిగిందా? తెలియదని రాసినా నేను నమ్ముతానన్న హామీ లేదు. ఎవరు చదువుతున్నారో తెలిసేదాకా ఇక నా చేతిరాత నీకు రాదు.

మోంజియా


ట్యూనిస్,
మార్చి.

పిన్నీ,

ఈ ఉత్తరం పోస్టాఫీసులో నిలబడి రాస్తున్నాను. ఎవరూ చూడటం లేదు. నమ్మమని అడగను.

నాకు తెలియలేదు అని రాయడం తేలిక. అడగలేదు అన్నది నిజం. ఆ ఎర్ర గీత చూశాక కూడా అడగలేదు.

నీ ఉత్తరం తీసుకుని నేరుగా ప్రొఫెసర్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన చదివారు. చదివి నవ్వారు. "మీ పిన్ని అద్భుతం! మనకు ఉచ్చు పన్నింది. ఇలాంటి మనిషి మన ఆఫీసులో ఉండాలి" అన్నారు.

"ఆ కరపత్రానికి ఎవరు ఖర్చు పెడుతున్నారు సార్?" అన్నాను.

"ఒక హోటల్ కంపెనీ. మీ రేవు పక్కన కట్టబోతున్నారు. వాళ్ళ పడవలు రావాలంటే లోతు తవ్వాలి, అక్కడ కొన్ని పాత దడులు అడ్డం ఉన్నాయి. ఊరి మద్దతు ఉందని అనుమతిచ్చేవాళ్ళకు చూపించాలి."

"మరి కరపత్రంలో కంపెనీ పేరు ఎందుకు లేదు?"

"పేరు పెడితే ఎవరు చదువుతారు? అందులో ఒక్క అబద్ధం చూపించు. మీ ఊరి కుర్రాళ్ళు పడవలెక్కి చావడం లేదా? పని అవసరం లేదా? నిజాన్నే మీవాళ్ళ భాషలో చెప్పాం. మనం చదివేది అదే కదమ్మా."

పిన్నీ, ఆయన చెప్పిన ఒక్కొక్క ముక్కా నిజమే. నేను ఇంతే అన్నాను: "దడులు తీసేస్తారన్న ముక్క అందులో లేదు సార్. ఆ మాట మా పిన్నిది. ఆమె అది మీకు చెప్పలేదు, నాకు చెప్పింది."

ఆయన కళ్ళజోడు తీశారు. "డిగ్రీ చేతికి వచ్చాక నీకు ఇక్కడే ఉద్యోగం ఇద్దామనుకున్నాను. ప్రాజెక్టు మీద నేనింకా సంతకం పెట్టలేదని గుర్తుంచుకో" అన్నారు. గొంతు పెంచలేదు. ఆయన ఎప్పుడూ పెంచరు.

ఆ గదిలో మ్యాపు పక్కన గోడకు అంటించిన నీ ఉత్తరాల జిరాక్సులు నా చేత్తోనే పీకి తెచ్చుకున్నాను. ఇంకెన్ని కాపీలు తీశారో నాకు తెలియదు. సభ రోజు పొద్దున్న పడవలో వస్తున్నాను. నీ ఇంటికి రావాలో వద్దో నువ్వే చెప్పు.

విదాద్


అల్-అతాయా,
మార్చి చివర.

విదాద్‌కు,

జిరాక్సులు పీకేస్తే మాటలు వెనక్కి వస్తాయా?

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. ఈసారి ముడతలున్నాయి. అంతమాత్రాన నమ్మానని అనుకోకు. కన్నీటి మరకలు పెట్టి కూడా ఉత్తరాలు రాయవచ్చని మీ ఆఫీసువాళ్ళకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

రా. ముందు సభకు రా. నా ఇంటికి రావాలో వద్దో అక్కడ చూసి చెబుతాను. నేను చివరి వరసలో కిటికీ పక్కన కూర్చుంటాను. నాకేమీ వినబడదు, కానీ అందరూ కనబడతారు.

మోంజియా


ట్యూనిస్,
ఏప్రిల్.

ప్రియమైన పిన్నికి,

ఆ రాత్రి నువ్వు తలుపు తెరిచి, ఒక్క మాటా మాట్లాడకుండా నా ముందు చేపల పులుసు పెట్టావు. మర్నాడు పొద్దున్నే నేను పడవెక్కేశాను. సభలో నీకు వినబడనివి చెప్పే తీరిక దొరకలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

నువ్వు రాసిన కొత్త చెప్పుల అబ్బాయి మెహ్రెజే, చాలా బాగా మాట్లాడాడు. పడవల్లో పోయిన కుర్రాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చదివాడు. ఆ పేర్లు నేను ఇవ్వలేదు పిన్నీ, అంతవరకు ఒట్టు. హాల్లో ఏడుపులు. హమ్దా మామ లేచి నిలబడి, "బాబూ, నోరు నీది. మంచి నోరు. మాట ఎవరిది?" అని అడిగాడు. "మీ అందరిదీ మామా" అన్నాడు మెహ్రెజ్. అందరూ చప్పట్లు కొట్టారు. సంతకాల బల్ల దగ్గరికి కదలడం మొదలైంది.

అప్పుడు నేను లేచాను. నేనేమన్నానో నీకు తెలుసు. ఆ కరపత్రంలో మాటలు మా ఇంటివి, రాయించింది హోటల్ కంపెనీ, సంతకం పెడితే దడులు తీసెయ్యడానికి ఒప్పుకున్నట్టు చూపిస్తారు, ఆ మాటలు వాళ్ళ చేతికి వెళ్ళింది నా వల్లే అన్నాను.

తర్వాత నీ ముందు వరసలోంచి ఎవరో, "అయితే అమ్ముకున్నది నువ్వేనన్నమాట!" అన్నారు. సలీహా, "నేను మొదటే అనుకున్నాను!" అంది. కానీ నన్ను బాగా కొట్టిన మాట నాజిమ్‌ది. చిన్నప్పుడు నాతో కలిసి బడికి వచ్చిన నాజిమ్ బల్ల ఎక్కి అరిచాడు: "నీకు ట్యూనిస్‌లో చదువుంది, ఉద్యోగం వస్తుంది. నాకేముంది? మా నాన్న దడిలో ఈ ఏడు పడిన చేపలు మా పిల్లికి చాలవు. హోటల్ వస్తే రానీ! మమ్మల్ని కాపాడమని నిన్నెవరు పిలిచారు?"

"నిన్ను సంతకం చెయ్యొద్దని అనడం లేదు నాజిమ్. దేనిమీద చేస్తున్నావో చూసి చెయ్యమంటున్నాను" అన్నాను. "పెద్ద తేడా!" అని ఉమ్మేశాడు.

చివరికి తేల్చింది హమ్దా మామే. మెహ్రెజ్ భుజం మీద చెయ్యి వేసి, "కోపం లేదు బాబూ. మీ యజమానిని రమ్మను. తన పేరు తనే చెప్పమను. టీ ఇస్తాం, కుర్చీ వేస్తాం. ఎంతమందికి పని, ఏ దడి తీస్తారు, ఎదురుగా కూర్చుని మాట్లాడమను" అన్నాడు. ఆ పూట పెద్దవాళ్ళెవరూ సంతకం చెయ్యలేదు. నాజిమ్, ఇంకొందరు కుర్రాళ్ళు మాత్రం వెనక హోటల్ కంపెనీ ఉందని తెలిశాక కూడా వెళ్ళి సంతకం చేసి వచ్చారు.

ఇక్కడికి వచ్చేసరికి నా ప్రాజెక్టు తిరస్కరించినట్టు నోటీసు. డిగ్రీ ఇప్పట్లో రాదు.

విదాద్


అల్-అతాయా,
మే.

చి. విదాద్‌కు,

నువ్వు విన్నవి రాశావు. నేను చూసినవి రాస్తాను.

ఆ మెహ్రెజ్ పేర్లు చదువుతున్నప్పుడు కాగితం వంక కాదు, మనుషుల వంక చూశాడు, ఎవరు ముందు ఏడుస్తారా అని. కానీ నువ్వు లేచినప్పుడు అతని ముఖంలో కోపం లేదు. బరువు దింపుకున్నవాడిలా కుర్చీలో కూలబడ్డాడు. అమ్ముకున్నది నువ్వేనని నిన్ను తిట్టింది సలీహా వాళ్ళ వదిన. అప్పటికి సలీహా ఆ వంకాయరంగు బట్టనే భుజాన వేసుకుని ఉంది, నీ మాటలు పూర్తయ్యేసరికి దాన్ని మడిచి ఒళ్ళో కుక్కుకుంది. నీమీద అరిచిన నాజిమ్ సంతకం పెట్టి బయటికి పోయి గోడ పక్కన నిలబడి వాంతి చేసుకున్నాడు. కిటికీలోంచి నేనొక్కదాన్నే చూశాను. ఆ పిల్లాడిని తప్పుపట్టలేను.

ఇంకొకటి చూశాను. ఊరంతా దాదాపుగా నీకు ముందు వరసల్లోనే కూర్చుంది. నువ్వు మాట్లాడటానికి లేచి అటు తిరగలేదు. వెనక కిటికీ వైపు, నా వైపు తిరిగావు. నా కోసం పెదాలు విడివిడిగా కదిపావు, చిన్నప్పుడు పాఠం అప్పజెప్పినట్టు. 'నా వల్లే' అన్న మాట నేను చదివాను. అందరూ నీ వీపు చూశారు, నేను ముఖం చూశాను.

అందుకే తలుపు తెరిచాను. మాట్లాడకపోవడానికి కారణం కోపం కాదు. నీ ముందు నా గొంతు ఎలా పలుకుతుందో నాకే వినబడదు కదా.

పోయిన వారం హోటల్ కంపెనీ మనిషి వచ్చాడు. సొంత పేరు చెప్పాడు. లావుగా, చెమటలు కక్కుతూ, మాట తడబడుతూ. మనవాళ్ళకు నచ్చాడు! ఏ దడులు పోతాయో చెప్పమంటే మళ్ళీ వస్తానన్నాడు. ఇది ఎటు తేలుతుందో నాకు తెలియదు.

డిగ్రీ సంగతి ఏం చేస్తున్నావు?

పిన్ని


ట్యూనిస్,
జూన్.

ప్రియమైన పిన్నికి,

మా విభాగంలో మేడమ్ రఫీఖా అని ఒక పెద్దావిడ ఉన్నారు. ఎవరూ ఆవిడ క్లాసు కోరుకోరు, ప్రతి వాక్యం పక్కనా 'ఎవరన్నారు?' అని ఎర్రసిరాతో రాస్తారని. నా గైడుగా ఉండటానికి ఒప్పుకున్నారు. కొత్త ప్రాజెక్టు ఇదీ: కంపెనీ మళ్ళీ వచ్చేలోగా ఊళ్ళో ప్రతి ఇల్లూ వాళ్ళను ఏమడగాలనుకుంటోందో అడిగి తెలుసుకోవడం. నాజిమ్ ఇంటితో మొదలుపెడతాను. తలుపు ముఖాన వేస్తే గడప మీద కూర్చుంటాను. ఎవరి మాట వాళ్ళ పేరుతోనే ఉంటుంది. పేరు వద్దంటే మాట కూడా ఉండదు.

నువ్వు మేలో రాసిన ఉత్తరం క్లాసులో చదివి వినిపించాలని ఉంది. ఎవరు వింటారో చెబుతున్నాను: మేడమ్, మా క్లాసువాళ్ళు, మెహ్రెజ్ కూడా. అతను ఆ ఆఫీసు మానేశాడు. మానేశానని అతనే చెప్పాడు, నేను వెళ్ళి చూడలేదు. చదవవచ్చా? వద్దంటే చదవను.

నీ
విదాద్


అల్-అతాయా,
జూన్.

చి. విదాద్‌కూ, మేడమ్ రఫీఖాకూ, క్లాసులో కూర్చున్న పిల్లలందరికీ,

చదువుకోండి. నాజిమ్ వాంతి చేసుకున్న ముక్క మాత్రం కొట్టెయ్యి, అది అతనిది, నాది కాదు. సలీహా బట్ట సంగతి ఉంచు, ఆవిడకు చెప్పాను, పత్రికలో కూడా వేసుకోమంది.

మెహ్రెజ్ అనే అబ్బాయికి: నువ్వు మానేశావని విన్నాను. నమ్మలేదు. ఒకసారి ఊరికి వచ్చి నా ఎదురుగా కూర్చుని చెప్పు, పెదాలు చూసి తేలుస్తాను. ఈసారి ఏ పొట్లమూ తేవద్దు.

విదాద్, ఈ చదువు పూర్తయ్యాక నీకేం వస్తుందని అడిగాను. ఎవరినైనా ఒప్పించడం వస్తుందన్నావు. అది మీ ప్రొఫెసరుకు వచ్చు, మెహ్రెజ్‌కు వచ్చు, సంతలో మేకల బేరగాడికి వచ్చు. చదవవచ్చా అని అడిగి, వద్దంటే మానుకోవడం వీళ్ళలో ఎవరికీ రాదు. దానికి డిగ్రీ ఒక ఏడాది ఆలస్యమైతే అవనీ.

కింద ఉత్త 'పిన్ని' అని పెట్టను. ఎవరన్నారని మీ మేడమ్ ఎర్రసిరా తీస్తుంది కదా.

నేనే అన్నాను.

మోంజియా, రమదాన్ కూతురు, దర్జీ,
రేవు వెనక వీధి, అల్-అతాయా.